దిక్సూచికి కవచ మేది?

గడచిన సంవత్సరము సెప్టెంబరు మాసమున మేము ఒక పదవ తరగతి విద్యార్థి ప్రయోగపుస్తకమునందు ఎఱ్ఱసిరాతో అడ్డగీత గీచి, దాని ప్రక్కన "కల్పించినది" అని వ్రాసితిమి. ఇరువది సంవత్సరములనుండి బోధించుచున్న మాకు ఇట్టి గీతలు క్రొత్త కావు. కాని యీ గీత మమ్ములను వదలలేదు. సంచికకు లోహములనుగూర్చి యేదైన వ్రాయుమని విద్యార్థులు కోరినప్పుడు, ఆ గీతను దాచి లోహములనుగూర్చి మాత్రము వ్రాయుట మాకు న్యాయముగా తోచలేదు.

మా ప్రయోగశాలలో పూర్వులు తెప్పించిన అపవర్తన అయస్కాంత మాపకములు నాలుగు ఇప్పటికిని పదిలముగా నున్నవి. పాఠ్యక్రమమున వాటికి చోటు లేకున్నను, పై తరగతివారిచేత ఏటేట ఒకమారు వాటితో ప్రయోగము చేయించుట మాకు అలవాటు. ఎరుగని తల్లిదండ్రుల కొఱకు రెండు మాటలు చెప్పెదము. గాజుమూత గల చిన్న పెట్టెలో మొన మీద నిలిచిన పొట్టి అయస్కాంతపు సూది. దానికి అడ్డముగా అల్యూమినియపు ముల్లు. ఇరుప్రక్కల కొలబద్దలు గల కొయ్యచేతులు. భూమి ఆ సూదిని ఉత్తరమునకు లాగును. తూర్పుచేతి మీద దండాయస్కాంతము నుంచిన అది తూర్పునకు లాగును. ఇరువురి నడుమ సూది ఎచ్చట నిలుచునో చూచి అయస్కాంతపు బలమును లెక్కింతుము. ఈ రెండు బలములును సమానమైనచో ముల్లు సరిగా 45 డిగ్రీలయొద్ద నిలుచును. మన గోదావరి మండలము భూమధ్యరేఖకు మిక్కిలి దూరము కాదు గనుక, ఇచ్చట భూమి బలము చాలవరకు అడ్డముగానే యుండును. అది సుమారు 40 మైక్రోటెస్లాలు. తలుపునకు అతికించు చిన్న అయస్కాంతముతో పోల్చిన అది అత్యల్పము. అందుచేతనే ఈ సూదిని తప్పు త్రోవ పట్టించుటకు పెద్ద బలమేమియు అక్కరలేదు.

ఆ దినమున ఒకే దండాయస్కాంతమును వంతుల చొప్పున నాలుగు బల్లల మీదికి పంపి, 20 సెంటీమీటర్ల దూరమున నుంచి చూడుమంటిమి. మూడు బల్లల వారికి 44 మొదలు 46 డిగ్రీల వరకు వచ్చెను. నాలుగవ బల్లయందు ఒంటరిగా కూర్చుండిన బాలుడు 51 అని వ్రాసెను. మరల చూడుమంటిమి, మరల 51. ఆ పూట అతడు ఆలస్యముగా వచ్చియుండెను. త్వరగా ముగించుటకై ఏదో అంకె వేసెనని మేము తలంచితిమి. తరగతి యెదుట, ప్రక్కవాని చూచి వ్రాయుట ఒక తప్పు, లేనిది కల్పించుట అంతకంటె పెద్ద తప్పు అని గట్టిగా చెప్పి గీత గీచితిమి. అతడు బదులు చెప్పలేదు. పుస్తకము మూసికొని కూర్చుండెను.

నవంబరులో పాఠశాల వార్షికోత్సవము జరిగెను. మరునాడు ఉదయము ప్రార్థనకు ముందే ఆ బాలుడు ప్రయోగశాల గుమ్మమునొద్ద నిలిచి యుండెను. పరిచారకుని యడిగి తలుపు తీయించుకొని, అదే బల్ల మీద, అదే దూరమున, అదే అయస్కాంతముతో మరల చూచెనట. ఇప్పుడు 45 వచ్చినది. రెండు పుటలను మా యెదుట విప్పి పెట్టెను. "రెండుసార్లూ చూసిందే రాశానండి, మాస్టారండీ" అనెను. అంతకు మించి యొక్క మాట లేదు.

మేమును బల్లయొద్దకు పోయి చూచితిమి. 45. ఏమి మారినదని ఆలోచింపగా, ఆ బల్ల ఆనియున్న గోడ వెనుక సామానుల గది యున్నదని జ్ఞప్తికి వచ్చెను. అందులో ఉత్సవములకు వాడు శబ్దయంత్రపు పెట్టెలు నాలుగు ఆ గోడకే చేర్చి యుండెడివి. ముందటి దినమున వాటిని మైదానమునకు మోసికొని పోయిరి. శబ్దయంత్రమున ప్రతి పెద్ద చిల్లి వెనుకను బలమైన అయస్కాంత ముండునని పాఠము చెప్పునది మేమే! పెట్టెలను మరల తెప్పించి గోడకు చేర్పించితిమి. ఒకటి చేర్చిన ముల్లు కదలెను. రెండవది చేర్చిన మఱికొంత. నాలుగును చేరునప్పటికి 51. ఆ పెట్టెల అయస్కాంతములు భూమి బలమును ఆ మూలలో ఐదవ వంతు తగ్గించుచుండెను. 40 మైక్రోటెస్లాలు 32 అయినచో, దండాయస్కాంతము గెలుపు పెరిగి సూది 51 వరకు పోవును. లెక్క సరిగా కుదిరినది. కుదిరిన కొలదియు మాకు సిగ్గు పెరిగినది.

సిగ్గునకు మఱియొక కారణము కూడ కలదు. రాజమహేంద్రవరమున ఉపాధ్యాయశిక్షణ పొందుచున్న దినములలో మేము సాయంకాలము గట్టు మీద నడచుచు, 1900 నాటి హేవలాకు వంతెన మొదట ఇనుప దూలముల దాపున చేతి దిక్సూచి నుంచి, ముల్లు ఉత్తరమును మఱచిపోవుట చూచి నవ్వుకొనియుంటిమి. రైళ్లు 1997లోనే ఆ వంతెన విడిచినవి గాని ఇనుము ఇనుమే గదా. ఇనుము దాపున సూదిని నమ్మరాదని అప్పుడే నేర్చిన మేము, సూదిని నమ్మి బాలుని నమ్మకపోతిమి.

తరగతి యెదుట అన్న మాటను తరగతి యెదుటనే వెనుకకు తీసికొంటిమి. పిల్లలు ఒక నిమిషము మౌనముగా నుండి, పిదప పిల్లలే గనుక, "అయితే సూదికి కవచము చేయుదము" అని బయలుదేరిరి. ఆ పనిలో మూడు వారములు గడచినవి. మేము పాఠము చెప్పి నేర్పలేనివి కొన్ని అప్పుడు నేర్చికొంటిమి.

మొదట ఇంటింటనుండి లోహములు వచ్చినవి: ఇత్తడి పళ్లెము, రాగి చెంబు, అల్యూమినియపు మూత, స్టీలు గిన్నెలు, పాత కిరసనాయిలు డబ్బా, నీటిగొట్టపు ముక్క. చిన్న దిక్సూచిని ఒక్కొక్క దానిలో నుంచి, వెలుపల అయస్కాంతమును త్రిప్పి చూచితిమి. గట్టిగా, దళసరిగా నున్న ఇత్తడి బాగుగా అడ్డుకొనునని పందెము వేసినవారే ఎక్కువ. ఇత్తడి, రాగి, అల్యూమినియము మూడును అయస్కాంతపు కంటికి గాలితో సమానము. సూది వాటిలో కూర్చుండియు వెలుపలి అయస్కాంతమునకు తలయూపెను. ఏ లోహమును అయస్కాంతము పట్టదో అది కవచముగా పనికిరాదు. ఏది అయస్కాంతమునకు తానే అతుక్కొనునో అదే పనికివచ్చును. ఇది పిల్లలకు మొదట తలక్రిందుగా తోచెను. అయస్కాంత బలరేఖలను అడ్డగించి ఆపు లోహము లోకమున లేదు. వాటికి గాలికంటె సులువైన మార్గము చూపుటయే కవచము చేయు పని. వాననీరు ఇంటిలోనికి రాకుండ కాలువ త్రవ్వి ప్రక్కకు మరల్చినట్లు, ఇనుము ఆ రేఖలను తన దళములోనుండి చుట్టు త్రిప్పి ఆవలికి పంపును. ఆ మార్గపు సులువును ప్రవేశ్యశీలత యందురు. గాలికి అది 1 అనుకొన్నచో సామాన్యపు ఇనుప రేకునకు కొన్ని వందలు.

ఇచ్చట ఒక మినహాయింపు చెప్పవలెను. నిలుకడగా నుండు అయస్కాంతమునకే రాగి, అల్యూమినియము వ్యర్థములు. వేగముగా దిక్కు మార్చుకొను బలమునకు అవి చక్కని తెరలు. వాటిలో పుట్టు సుడి విద్యుత్తు ఎదురు నిలుచును. పాత రేడియోలలో తీగచుట్టల మీద అల్యూమినియపు బుడ్లు బోర్లించి యుండుట అందుకే.

స్టీలు గిన్నెలు మమ్ములను మిక్కిలి చిక్కుపెట్టినవి. ఒకదానిని అయస్కాంతము పట్టును, మఱియొకదానిని పట్టదు, వేఱొకదానిని అంచునొద్ద మాత్రము కొంచెము పట్టును! నూటికి 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు కలిసిన ఉక్కులో మిగిలినది చాలవరకు ఇనుమే అయినను, దాని స్ఫటికముల అమరిక వేఱగుటచే అయస్కాంతము దానిని పట్టదు. కాని అంచు వంచునప్పుడు దెబ్బలకు ఆ అమరిక అచ్చటచ్చట మారి, మారినంత మేర పట్టు వచ్చును. నికెలు లేని చవుక రకపు ఉక్కు కొన్నిట మొదటినుండియు పట్టు కలదు. గిన్నె పేరు స్టీలే, రూపమొకటే, గుణములు మూడు.

కిరసనాయిలు డబ్బా కొంత పని చేసెను గాని మిక్కిలి స్వల్పము. ఒక బాలిక మా చేతి ఫోనునందలి అయస్కాంత కొలతను చూపించి, దానిని డబ్బాలో నుంచి చూడుమనెను. అంకె తగ్గెను, కాని డబ్బాను ప్రక్కకు త్రిప్పగా మారిపోయెను. ఆ రేకు ఎప్పుడో తానే కొంచెము అయస్కాంతమై కూర్చుండెను. కవచమునకు ఇది పెద్ద లోపము. బలము వచ్చినప్పుడు త్రోవ యిచ్చి, అది పోగానే మఱచిపోవు లోహము కావలెను గాని, పగ పట్టినట్లు జ్ఞాపకముంచుకొను లోహము పనికిరాదు. అట్లు మఱచునదానినే మెత్తని ఇనుము అందురు. వ్రేలితో నొక్కిన మెత్తదనము కాదు.

డబ్బాకంటె నీటిగొట్టపు ముక్క ఎంతో మేలుగా పనిచేసెను. దానికి లెక్క కలదు. పొడుగైన గొట్టమునకు అడ్డముగా వచ్చు బలము లోపల ఎన్నవ వంతగునో తెలియవలెనన్న, ప్రవేశ్యశీలతను దళముతో గుణించి, అడ్డుకొలతచే భాగించి, 1 కలుపవలెను. ప్రవేశ్యశీలత 200 గల ఇనుప గొట్టము, దళము 1 మిల్లీమీటరు, అడ్డుకొలత 100 మిల్లీమీటర్లు అనుకొనుడు: 3 వచ్చును, అనగా లోపల మూడవ వంతు. దళము 5 అయినచో పదునొకండవ వంతు. గొట్టము పెద్దదగు కొలది కవచము బలహీనమగునని కూడ దీనివలన తేలును. పెద్ద పెట్టె చేసి లోపల చిన్న వస్తువు నుంచువారు లోహమును వృథా చేసికొన్నవారే. వస్తువునకు దగ్గఱగా కుట్టిన చొక్కా వలె కవచ ముండవలెను. ఒక్క దళసరి గొట్టముకంటె, నడుమ సందు విడిచి ఒకదానిలో నొకటి పెట్టిన రెండు పలుచని గొట్టములు మేలు. అతుకునొద్ద సందు ఉండరాదు.

ఆ లెక్కలో 200కు బదులు 20,000 వేసినచో ఏమగునని ఒకడు అడిగెను. 201వ వంతు! అట్టి లోహమున్నదా? ఉన్నది, దాని కథయు వినదగినదే. సముద్రపు అడుగున తంతివార్తలు పోవు తీగలలో సంకేతములు అలుకుకొని పోవుచుండగా, ఆ తీగకు అయస్కాంత గుణము గల సన్నని తీగ చుట్టినచో వేగము పెరుగునని కనిపెట్టిరి. అమెరికాలో గుస్తావ్ ఎల్మెన్ 1914 ప్రాంతమున ఇనుము, నికెలు కలిపి పెర్మల్లాయిని సిద్ధపఱచెను. లండనులో స్మిత్, గార్నెట్ అనువారు 1923లో దానికి రాగి కూడ చేర్చి, తీగగా సాగునట్లు చేసిరి. అదియే మ్యూమెటల్. అందులో నూటికి సుమారు 77 పాళ్లు నికెలు, 16 పాళ్లు ఇనుము, 5 పాళ్లు రాగి, తక్కినది క్రోమియమో మాలిబ్డినమో. బాగుగా తయారైన దాని ప్రవేశ్యశీలత 80,000 దాటును. మన రాష్ట్రములు ఒక్కటిగా నున్నప్పుడు, 1973లో, హైదరాబాదున స్థాపింపబడిన మిశ్ర ధాతు నిగమ్, అనగా మిధానీ, మెత్తని అయస్కాంత మిశ్రమలోహములను చేయుచున్నది.

మాకు మ్యూమెటల్ చేతిలోనే యుండెను! ఒక కళాశాలవారు పాతబడినదని మాకిచ్చిన కాథోడు కిరణ దర్శినిలో, గాజుబుడ్డి చుట్టు బూడిదవర్ణపు తొడుగు కలదు. ఆ బుడ్డిలో ఎలక్ట్రానుల కిరణము త్రోవ తప్పకుండుటకై దానికి మ్యూమెటల్ తొడుగు వేయుట వాడుక. పిల్లలు దానిలో చిన్న దిక్సూచి నుంచిరి. సూది ఉత్తరము నెఱుగనట్లు, ఎటు త్రిప్పిన అటే నిలిచిపోయెను. అందఱును కేకలు వేసిరి. మేమును వేసితిమని వ్రాసిన పెద్దలు క్షమింతురు గాక.

తరువాతి తప్పు పూర్తిగా మాది. ఆ తొడుగు ఒక ప్రక్క సొట్టపడి యుండెను. అయస్కాంత మాపకము పెట్టె అందులో పట్టవలెనని, రేకుపని చేయువానిచేత దానిని కోయించి, సుత్తితో కొట్టించి, చదును చేయించి, మరల గుండ్రముగా వంపించితిమి. అతని పనిలో లోపము లేదు. చూపునకు మునుపటికంటె అందముగా వచ్చెను. సూదిని లోపల నుంచగా, అది హాయిగా ఉత్తరమునకు తిరిగెను. ఇనుప రేకునకును దానికిని భేదమే లేకపోయెను. మ్యూమెటల్‌ను రూపు చేసిన పిదప ఉదజని వాయువునందు సుమారు 1,100 డిగ్రీల వేడిలో కాల్చి, మెల్లగా చల్లార్చినప్పుడే దానికి ఆ శక్తి వచ్చును. పిదప సుత్తిదెబ్బ తగిలినను, వంచినను, క్రింద పడినను స్ఫటికములు నలిగి ఆ శక్తి పోవును. అది మేము చదివియే యుంటిమి. ఎత్తిపెట్టి వాడదగిన దానిని దాగలి మీద పెట్టించితిమి.

ఇంత జరిగిన పిదప ఆ బాలుని తండ్రి తల్లిదండ్రుల సమావేశమునకు వచ్చెను. ఆయన కోనసీమలో చమురుబావులు త్రవ్వుచోట పనిచేయువారు. ఎఱ్ఱగీత సంగతి ఎత్తుదురని మేము సిద్ధపడి యుంటిమి. ఆయన దానిని ఎత్తలేదు. డబ్బాలు, గొట్టములు చూచి, "సూదికి చుట్టూ ఇనుం పెడితే ఇంక భూమిని ఎలా చూస్తదండి మాస్టారూ?" అనిరి. మూడు వారములు మాకు తట్టని ప్రశ్న! కవచము పైనుండి వచ్చు చెడ్డబలమును మాత్రమే ఆపి, భూమి బలమును లోనికి విడువదు. దానికి రెండును ఒకటే. భూమి బలమును కొలువవలసిన సూదికి కవచము వేయుట, చూడవలసినవాని కన్నులకు గంతలు కట్టుటయే.

తమ పనిలో ఏమి చేయుదురో ఆయన చెప్పిరి. కోనసీమలో కొబ్బరితోటలు, ఇండ్లు, కాలువలు ఎడములేక యుండును గనుక, ఒకచోట నిలిచి నేలలోపల వాలుగా త్రవ్వుకొని పోవుదురు. బావి ఏ దిక్కునకు పోవుచున్నదో క్రిందనుండి చెప్పు పరికరము భూమి అయస్కాంతమునే చూచి చెప్పును. కాని దాని పైనను క్రిందను ఉన్నది ఉక్కుగొట్టము. అందుచే త్రవ్వు మొనకు పైన, ఒక్కొక్కటి 30 అడుగుల పొడవు గల, అయస్కాంతము పట్టని గొట్టములు అమర్చి, పరికరమును వాటి నడుమ నుంతురు. పూర్వము మోనెల్ వాడెడివారు. ఇప్పుడు క్రోమియము, మాంగనీసు కలిసిన ఉక్కు. బావి తూర్పు పడమరలకు అడ్డముగా పోవు కొలది ఆ గొట్టముల పొడవు పెంచవలసియుండునట. మేము ఆశ్చర్యపడిన దేమనగా, మోనెల్‌లో మూడింట రెండు పాళ్లు నికెలు, తక్కినది చాలవరకు రాగి. మ్యూమెటల్‌లోను ముప్పాతిక నికెలే. ఆ నికెలే ఇనుముతో కలిసి అయస్కాంతమున కెదురేగును; రాగితో కలిసి దానిని ఎఱుగనట్లుండును.

ఇదియే మార్గమును పెద్దలు కూడ అవలంబించిరని మాకు పిమ్మట జ్ఞాపకము వచ్చెను. బొంబాయి కొలాబాలో 1841 మొదలు భూమి అయస్కాంతమును కొలుచుచుండిరి. నగరమున విద్యుత్తుతో ట్రాములు నడువనున్నవని తెలిసి, ఆ పరికరములకు కవచములు చేయక, 1904లో అలీబాగునందు క్రొత్త పరిశీలనశాల నెలకొల్పి, 1906 వరకు రెండుచోట్లను కొలిచి సరిచూచుకొని, పిదప కొలాబాలో ఆ పని విరమించిరి. ఆ క్రొత్త భవనమునకు ఇనుము తగులకుండ పోరుబందరు రాయి, రాగి, ఇత్తడి ఏరి వాడిరి. మా పిల్లలు త్రోసివేసిన ఇత్తడికి అచ్చట పెద్దపీట దొరికినది.

కనుక సూదిని విడిచి పెట్టెలయొద్దకు పోయితిమి. చెడ్డబలము పుట్టుచోట కవచము వేయవచ్చును. అచ్చట మ్యూమెటల్ మంచిదై యున్నను వ్యర్థమే, అది 0.8 టెస్లాకే నిండి, ఆపైన త్రోవ యియ్యదు. ఇనుము 2 టెస్లాల వరకు ఓర్చును. అందుచే బలమైన అయస్కాంతము దాపున ముందు దళసరి ఇనుము, అది విడిచిన కొద్దిపాటి బలమునకు లోపల మ్యూమెటల్. ఇది అనుభవజ్ఞుల పద్ధతి. పాత బీరువానుండి ఊడిన ఇనుప పలకను పెట్టెలకును గోడకును నడుమ నిలిపితిమి. ముల్లు 51 నుండి 47కు దిగెను. పిదప పెట్టెలనే వసారా చివరకు మోయించితిమి. దూరము రెట్టింపైన అయస్కాంతపు బలము ఎనిమిదవ వంతగును. వసారా చివరికి పోవునప్పటికి మిగులునది సున్నయే. ముల్లు 45. దీనికి ఒక్క రూపాయి కూడ వ్యయము కాలేదు. మోసిన నలుగురు పిల్లలకు అరటిపండ్లు ఇప్పించితిమి.

ఎఱ్ఱగీతను చెఱిపివేయవచ్చునా అని బాలుని అడిగితిమి. ఉండనిండు అనెను. గీత క్రింద, "51: సరియైన పరిశీలన. గోడ వెనుక శబ్దయంత్రములు" అని వ్రాసి, తేదీ వేసి సంతకము చేసితిమి. మార్కులు కూడ సరిచేసితిమి. ఈ సంవత్సరము ప్రయోగము మొదలు పెట్టుటకు ముందు, ప్రతి బల్లవారును గోడల వెనుక ఏమున్నదో చూచివచ్చి మొదటి పంక్తిలో వ్రాయవలెనని నియమము చేసియున్నాము.

మ్యూమెటల్ తొడుగు బీరువాలో, గుడ్డచుట్టి, ఎవ్వరును కదల్పకుండ పెట్టియున్నాము. దానిని ఉదజని కొలిమి యున్నచోటికి పంపి మరల కాల్పింపవలెనని యున్నది. ఇంతవరకు పంపలేదు.